పన్నెండో అంతస్తు మీద మడికట్లు

నిన్న పొద్దున పేపరు మధ్యలోంచి నున్నటి కాగితం ఒకటి జారి నా టీ కప్పు పక్కన పడింది. పాల్వంచలో మా ఇంటికి వచ్చే పేపరుకు ఈ మధ్య వార్తల బరువు కంటే ఈ కాగితాల బరువే ఎక్కువగా ఉంటోంది. హైదరాబాదులో ఎక్కడో, ఊరు దాటి ఇంకో ఊరు దాటాక, నలభై ఎనిమిది అంతస్తుల మేడలు నాలుగు లేస్తున్నాయట. వాటికి సముద్రం అవతలి ఊరి పేరేదో పెట్టారు. ఆ పేరు పలకాలంటే నోరు మూడు వంకర్లు తిరగాలి. బొమ్మలో మేడ చుట్టూ కొబ్బరిచెట్లు, ఈతకొలను, కొలను గట్టున కాళ్ళు చాపుకుని కూర్చున్న తెల్లటి దొరసాని. మన ఎండలో ఆ దొరసాని అక్కడ ఏం చేస్తోందో ఆ కాగితం అచ్చు వేయించినవాడికే తెలియాలి. అన్నిటికంటే కింద ఎర్రటి అక్షరాలతో "వారానికో అంతస్తు! మా వేగమే మీకు హామీ!" అని రాసుకున్నారు. అది చదివాక నాకు టీ సహించలేదు. కాంక్రీటు పనిలో వేగం గురించి గొప్పలు చెప్పుకోవడమంటే, అన్నం ఉడక్కముందే దించేశానని వంటవాడు మీసం మెలేసినట్టు ఉంటుంది. పైగా దాన్ని హామీ అంటున్నారు.

ఈ మేడల వాళ్ళు నాకు ఫోన్లు కూడా చేస్తారు. నా నంబరు వాళ్ళకు ఎవరిచ్చారో తెలియదు. చిలకలాంటి గొంతుతో ఒక అమ్మాయి "సార్, ఇప్పుడు బుక్ చేసుకుంటే ఐదేళ్ళలో ఆ ఏరియా ఎక్కడికో వెళ్ళిపోతుంది సార్" అంటుంది. ఏరియా ఎక్కడికి వెళ్తుందమ్మా, అక్కడే ఉంటుంది కదా అని నేను ఒకసారి అడిగాను. ఆ అమ్మాయి నవ్వలేదు. వెనకటికి మన చేతులు చూసి భవిష్యత్తు చెప్పేవాళ్ళు కనీసం ఎదురుగా కూర్చుని, మన మొహం చూసి, ఒకటో రెండో నిజాలు కలిపి చెప్పేవాళ్ళు. వీళ్ళు ఇంకా గొయ్యి తవ్వని నేలకు జాతకం చెబుతున్నారు. నగరం అవతలి రోడ్డు మీద బస్సులో పోతుంటే చూస్తుంటాను కదా, చీకటి పడ్డాక ఆ మేడల్లో నాలుగు కిటికీలు వెలిగితే నలభై వెలగవు. అయినా పక్కనే ఇంకోటి లేస్తూ ఉంటుంది. దాని నెత్తిమీద క్రేను. మనుషుల కోసం కడుతున్నారో క్రేనుకు పని చూపించడం కోసం కడుతున్నారో నాకైతే ఇంతవరకు అర్థం కాలేదు.

మీకు ఇంత వెటకారం ఎందుకండీ, మీరేమైనా ఇంజనీరా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. నేను ఇక్కడి కరెంటు ప్లాంటులో టైమాఫీసు గుమాస్తాగా చేసి దిగిపోయినవాణ్ణి. కూలీల హాజరు రాయడం, వాళ్ళకు వచ్చిన కాగితాలు చదివి వినిపించడం, చదివింది అర్థమయ్యాక వేలిముద్ర వేయించడం, అంతవరకే నా ఉద్యోగం. కాంక్రీటు గురించి నాకు తెలిసిందంతా మా మేనత్త దగ్గర నేర్చుకున్నదే. మా నాన్నకు ఆఖరి చెల్లెలు ఆమె, నాకంటే పదేళ్ళు పెద్ద. తిరుమలాయపాలెం దగ్గరి మా పల్లెలో వరి మడుల్లో పెరిగిన మనిషి. మా మామ తాపీ మేస్త్రీ. ప్లాంటులో కొత్త యూనిట్ల పని మొదలైనప్పుడు ఇద్దరూ వచ్చి పాల్వంచలో దిగారు. ఆయన తాపీ పట్టుకున్నాడు, ఆమె నీళ్ళు పట్టుకుంది. కాంక్రీటు పోసిన మర్నాటి నుంచి దానికి నీళ్ళు పెట్టే పని ఆడవాళ్ళది. క్యూరింగ్ అని ఇంజనీర్లు అనేవారు, నీళ్ళు కొట్టుడు అని వీళ్ళు అనేవారు. స్తంభాలకు గోనెసంచులు చుట్టి తడపాలి. స్లాబు మీదైతే సిమెంటు, ఇసుక పలచగా కలిపి నాలుగు వేళ్ళ ఎత్తున గట్లు వేయాలి, అచ్చం వరిపొలంలో మడులు కట్టినట్టే. ఒక్కో మడిలో నీళ్ళు నిలబెట్టాలి. పొద్దున చూడాలి, సాయంత్రం చూడాలి, ఇంకితే మళ్ళీ పోయాలి. నాట్లు వేసిన చేతులు కాబట్టి మా అత్త కట్టిన గట్టు ఎక్కడా తెగేది కాదు.

ఆమె పని చూడటానికి నేను టిఫిన్ డబ్బా పట్టుకుని స్లాబు మెట్ల మీద కూర్చునేవాణ్ణి. తడిసిన కాంక్రీటు వాసన, గోనెసంచి వాసన, ప్లాంటు బూడిద వాసన కలిసి ఒక వాసన వచ్చేది. నాకు ఇప్పటికీ వయసులో ఉన్న రోజులు అంటే ముక్కుకు అదే తగులుతుంది. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మడిలో పాదాలు పెట్టి, అరచెయ్యి నీళ్ళలోపల స్లాబుకు ఆనించి కాసేపు ఊరుకునేది. "సల్లగైంది. ఇంక తాగదు" అంటే ఆ మడి పని అయినట్టు. మూడు వారాలు నిండకుండా ఆమె నోట ఆ మాట వచ్చేది కాదు. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు పై అధికారులు వస్తున్నారని పదిరోజులకే మడులు తీసేయమన్నాడు. అత్త ఆయన్ని ఎగాదిగా చూసి "పదొద్దులకు బాలింతను పొలానికి తోల్తారా సారూ మీ ఇంట్ల?" అంది. ఆయన మొహం ఎర్రబడింది కానీ మడులు మాత్రం అలాగే ఉన్నాయి. బస్టాండు పక్కన గోనెసంచుల దుకాణం సాయిబు కూడా అత్తకు భయపడేవాడు. చిల్లు ఉన్న సంచి కట్టలో కలిపితే మర్నాడు దాన్ని తలకు చుట్టుకుని వచ్చి దుకాణం ముందు నిలబడేది. అంత తలపొగరు మనిషిని నేను మళ్ళీ చూడలేదు, ఆ తలపొగరంతా ఎవరో తలదాచుకునే సిమెంటు కోసమే.

ఆ నీళ్ళ పని చేస్తూనే కొడుకును పాలిటెక్నిక్ చదివించింది. వాడు నాకు బామ్మర్ది, నాకంటే బాగా చిన్నవాడు. ఇక్కడా అక్కడా చిన్న పనులు చేసి, చివరికి హైదరాబాదులో పెద్ద కంపెనీలో సైటు ఇంజనీరుగా కుదిరాడు. ఆ కంపెనీ అప్పుడు ముప్పై రెండు అంతస్తుల మేడ కడుతోంది. ఇదంతా ఎనిమిదేళ్ళ కిందటి మాట. మామ అప్పటికే లేడు. అత్త ములకలపల్లి దగ్గర, అడవి అంచున కొన్న చెలకలో ఒక్కగది ఇల్లు వేసుకుని, తన కోళ్ళను, తన కందిచేనును, దారిన పోయేవాళ్ళను తిట్టుకుంటూ సుఖంగా ఉండేది. ఒకరోజు బామ్మర్ది ఫోను చేశాడు. పైన పని నడుస్తుండగానే పదకొండో అంతస్తులో నమూనా ఫ్లాటు తయారు చేశారట, ఆదివారం దాన్ని కొనేవాళ్ళకు చూపించే పండగట, ఇంజనీర్లంతా ఇంటివాళ్ళను తీసుకురావచ్చట. "అమ్మను తోల్కరా బావా. నా పని ఒక్కసారన్న చూడాలె గదా" అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది, కాస్త భయం కూడా ఉంది. తల్లి మెచ్చుకోవాలని నలభై దాటినవాడికి కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు ముందే, శనివారం పొద్దున సైటుకు వెళ్ళాం. గేటు దగ్గర మా ఇద్దరి నెత్తినా పసుపుపచ్చ టోపీలు పెట్టారు. అత్త కొంగు మీద ఆ టోపీ నిలవక పక్కకు జారుతుంటే, ఒక చేత్తో పట్టుకుని నడిచింది. ప్రాజెక్టు మేనేజరు అనే ఆయన వచ్చాడు. మండే ఎండలో కోటు వేసుకుని ఉన్నాడు. ఆయన నోట్లో రోజుల లెక్క తప్ప వేరే మాట లేదు. ఈ అంతస్తు ఇన్ని రోజుల్లో లేపాం, ఆ అంతస్తు అన్ని రోజుల్లో లేపాం, ఈ ఊళ్ళో ఇంత జల్దీ లేపినవాళ్ళు లేరు అని చెప్పుకుపోతున్నాడు. ఎవరు ముందు నిద్ర లేచారో అని పోటీపడే పిల్లల కబుర్లు నేను ఇంతకంటే గౌరవంగా విన్నాను. అల్యూమినియం అచ్చులు వచ్చాక పని ఎంత సులువో చెప్పాడు. నాలుగు రోజులకే అచ్చులు విప్పి పైకి ఎక్కించేస్తారట, కింద స్లాబుకు ఆసరాగా కొన్ని జాకీలు మాత్రం ఉంచుతారట. నమూనా ఫ్లాటు పైన స్లాబు పోసి పద్దెనిమిది రోజులేనట, అప్పుడే కింద జాకీలన్నీ తీసేసి, తెల్లటి పీవోపీ సీలింగు వేసి, దీపాలు కూడా పెట్టేశారట. అది తమ రికార్డు అన్నాడు. నేను అత్త వైపు చూశాను. ఆమె టోపీ సర్దుకుంటోంది.

బామ్మర్దితో కలిసి బయటి లిఫ్టులో పన్నెండో అంతస్తుకు వెళ్ళాం. ఇంజను మోతకు అత్త కళ్ళు మూసుకుంది కానీ నా చెయ్యి పట్టుకోలేదు. పైన మేస్త్రీలెవరూ లేరు. పని అప్పటికే పదహారో అంతస్తుకు ఎక్కిపోయింది. గోడలు లేచిన ఆ ఖాళీ అంతస్తులో ఇద్దరు ఆడకూలీలు చెత్త ఊడుస్తున్నారు. అత్త వంగి స్లాబుకు అరచెయ్యి ఆనించింది. కాసేపటి తర్వాత చెయ్యి తీసి చూసుకుంది. చేతికి తెల్లటి పొడి అంటింది. "గిదేందిరా?" అని కొడుకును అడిగింది. "మందు కొట్టినమమ్మా. ఇప్పుడు నీళ్ళు అక్కర్లే. ఆ మందే లోపలి తడి పోకుండ ఆపుతది" అన్నాడు వాడు. "పత్తికి కొట్టినట్టు మందు కొట్టిన్రా? మరి నీళ్ళు ఎన్నొద్దులు పెట్టిన్రు?" వాడు నా వైపు చూశాడు. "నీళ్ళు పెట్టలేదమ్మా. ఇప్పుడు ఎక్కడా పెడ్తలేరు." అత్త ఏమీ అనలేదు. ఆమె తిడితే ఫర్వాలేదు, ఊరుకుంటేనే ప్రమాదం అని మా చుట్టాలందరికీ తెలుసు. అంతలో వాడికి పైనుంచి ఫోను వచ్చి, ఇక్కడే ఉండండి అని చెప్పి పోయాడు. నేను కింది అంతస్తులో నమూనా ఫ్లాటులో ఏసీ వేశారని విని, చూసివస్తానని దిగాను. అక్కడ మెత్తటి సోఫాలో కూర్చుని, వాళ్ళిచ్చిన నిమ్మరసం తాగి, వేగాన్ని మనసులో తిట్టుకుంటూ ఒక కునుకు తీశానని ఒప్పుకోవాలి.

తిరిగి పైకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ ఇద్దరు ఆడకూలీలు భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్ళట. వాళ్ళ మాట అత్తకు ప్లాంటు రోజుల నుంచి నాలుగు ముక్కలు వచ్చు. ఆ నాలుగు ముక్కలతో వాళ్ళను కూడగట్టింది. వాళ్ళకూ ఇంజనీరు సారు తల్లి చెబితే కాదనాలని తోచలేదు. మూల పడి ఉన్న సగం సిమెంటు సంచి, ఇసుక కలిపారు. గోడ కడిగే పైపు లాగారు. నేను చూసేసరికి హాలు మొదలు చివరి గది దాకా నాలుగు వేళ్ళ ఎత్తున గట్లు, చదరంగా మడులు, మడుల నిండా నీళ్ళు. పన్నెండో అంతస్తు ఎత్తున, ఆ గాలిలో, నీళ్ళు చిన్నగా కదులుతున్నాయి. కింద నగరమంతా దుమ్ముకొట్టుకుని ఉంది. అత్త టోపీ పక్కన పడేసి, కుచ్చిళ్ళు ఎగదోపి, ఆఖరి గట్టు చేత్తో నున్నగా నిమురుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి మొహంలో అంత తృప్తి చూసి నాకు నవ్వొచ్చింది. "పద్దెనిమిదొద్దులు ఎండబెట్టిన్రు అల్లుడా. లేటైంది గని, తాగుతది" అంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ కోటు మేనేజరుకు మంచి శాస్తి అనుకున్నాను, అంతకు మించి ఏమవుతుందిలే అనుకున్నాను. సాయంత్రం బామ్మర్ది గదిలో అత్త కడుపునిండా తిని హాయిగా పడుకుంది.

ఆదివారం పదకొండు గంటలకు కొనేవాళ్ళు వచ్చారు. చేతుల్లో చిన్నచిన్న గాజు గ్లాసులు, కళ్ళకు నల్లద్దాలు. పొందికగా చీర కట్టిన ఒక అమ్మాయి నడుముకు మైకు తగిలించుకుని ఒక్కో గదీ చూపిస్తోంది. ఇక్కడి నుంచి సూర్యాస్తమయం కనిపిస్తుంది అని ఆమె అంటే అందరూ ఆ వైపు చూసి తలలాడించారు. ములకలపల్లిలో ఏ గుడిసె ముందు నిలబడినా కనిపించే సూర్యుణ్ణి చూడటానికి ఇంత ఎత్తు ఎక్కి, ఇంత సంతోషపడే మనుషులను చూసి నాకు జాలి వేయలేదు, చులకనే కలిగింది. పడకగదిలోకి వెళ్ళారు. ఆ అమ్మాయి పిల్లల మంచం చూపిస్తోంది. తెల్లటి సీలింగు మధ్యలో టీ మరకలాంటిది ఒకటి కనిపించింది. అది మా కళ్ళముందే పళ్ళెమంత అయింది. ఒక చుక్క పిల్లల మంచం మీద పడింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత చుక్కలు లెక్కపెట్టే పని లేకుండా పోయింది. సీలింగు ముక్క ఒకటి ఊడి దిండు మీద పడింది. జనం ఫోన్లు తీసి వీడియోలు పట్టడం మొదలుపెట్టారు. నమ్మకంగా నవ్వుతున్న ఆ అమ్మాయి, అదే నవ్వుతో, మైకు మీట నొక్కి ఆపేసింది.

వచ్చినవాళ్ళను బయటికి పంపేశాక, పైన మడులు చూసి వచ్చిన బామ్మర్ది నిచ్చెన వేసుకుని మిగతా సీలింగు తానే పీకాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాను. గట్టి స్లాబు మీద నీళ్ళు నిలబెడితే కిందికి దిగవు. నీళ్ళు నిలబెట్టేది అందుకు కూడా అని అత్త ఎన్నిసార్లు చెప్పిందో. ఇక్కడ స్లాబు అడుగు కనిపించగానే నాకు కూడా అర్థమైంది. మంచమంత మేర కంకర రాళ్ళు పైకి తేలి, మధ్య సిమెంటు పాలు లేక, మురమురాల ముద్దలా విడివిడిగా ఉన్నాయి. లోపలి ఇనుప చువ్వ ఒకటి కనిపిస్తోంది. వాడు వేలితో ఒక రాయిని కదిపాడు. అది ఊడి వాడి చేతిలోకి వచ్చింది. "గుల్ల, బావా" అన్నాడు. "వైబ్రేటరు సరిగ్గ పెట్టలే, కంకర సర్దుకోలే. ఆ రోజు నేనే ఉన్న. జల్దీ కానియ్యమని పైనుంచి ఫోను మీద ఫోను." ఆ రాయిని జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో నేను అడగలేదు. గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఆమె కూడా స్లాబు చూసింది. కొడుకును తిడుతుందేమో అనుకున్నాను. "పగలగొట్టి మళ్ళ పొయ్యాలె బిడ్డా. దీని కింద పిల్లలు పంటరు" అని మెల్లగా అంది.

సోమవారం మమ్మల్ని ఆఫీసుకు పిలిచారు. ఏసీ గది, గాజు బల్ల, టీ, బిస్కట్లు. వీడియోలు అప్పటికే ఊరంతా తిరిగాయి. కోటు మేనేజరు నన్ను సార్ అన్నాడు, అత్తను అమ్మా అన్నాడు. అంతా చెప్పాడు. స్లాబులోకి మందు ఎక్కించి గట్టి చేస్తారట, పగలగొట్టడం కుదరదట, పగలగొడితే పైనున్న నాలుగు అంతస్తుల పనీ ఆగుతుందట. కొనేవాళ్ళకు మాత్రం ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, తెలియక నీళ్ళు పోశానని అమ్మ ఒక కాగితం మీద ఒప్పుకుంటే చాలట. అలా అయితే కొడుకు ఉద్యోగానికి ఏ ఢోకా ఉండదు. లేకపోతే, అని ఊరుకున్నాడు. కాగితం తెలుగులోనే టైపు చేయించి ఉంచారు. అత్తకు చదవడం రాదు. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని అంది: "నీళ్ళు నేను పోసిన. గది నిజం. నా కొడుకును అడగకుంట పోసిన, గదీ నిజం. గంతవరకు ఏలుముద్ర ఏస్త. స్లాబు మంచిగున్నదని రాస్తే మాత్రం ఎయ్య. నేను కండ్లార చూసిన." తర్వాత నా వైపు తిరిగింది. "సదువు అల్లుడా. నువ్వు సదివితే నాకు నమ్మకం."

కాగితంలో మూడు వాక్యాలు ఉన్నాయి. పన్నెండో అంతస్తు స్లాబు మీద ఎవరి అనుమతీ లేకుండా నేను నీళ్ళు పోశాను. ఇందులో సిబ్బంది తప్పు ఏమీ లేదు. ఈ రెండూ పైకి చదివాను. మూడోది ఇలా ఉంది: స్లాబులో ఎలాంటి లోపమూ లేదని ఇంజనీర్లు నాకు చూపించగా నేను స్వయంగా చూసి తృప్తి చెందాను. నేను తలెత్తాను. బల్లకు అటువైపు బామ్మర్ది నన్నే చూస్తున్నాడు. వాడి కళ్ళలో బతిమాలుకోవడం కనిపించింది. వాడి చెయ్యి జేబులో ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా టైమాఫీసులో కూర్చుని, చదవడం రాని మనుషులకు అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించానని నాకో గర్వం ఉండేది. దొంగ హాజరు మస్టర్లు రాసేవాళ్ళను పురుగుల్లా చూసేవాణ్ణి. "అంతేనా?" అని అత్త అడిగింది. "అంతే అత్తా" అన్నాను. "స్లాబు గురించి ఏమన్న రాసిన్రా?" "లేదత్తా, ఏం రాయలేదు." అత్త బొటనవేలు సిరాలో ముంచి, నేను చూపించిన చోట, ఆ మూడో వాక్యం కిందనే, గట్టిగా అదిమింది. ప్లాంటు రోజుల నుంచి ఆమెకో అలవాటు ఉంది. తాను వేలు పెట్టిన ప్రతి కాగితానికీ నకలు అడిగి తీసుకుంటుంది. ఇక్కడా అడిగింది. జిరాక్సు తీయించి ఇచ్చారు. మడిచి రవికెలో పెట్టుకుంది. టీ మాత్రం తాగలేదు.

మేడ లేచింది. ముప్పై రెండు అంతస్తులూ లేచాయి, నిలబడే ఉన్నాయి. ఇంతవరకు ఏమీ కాలేదని నేను ఒప్పుకుంటున్నాను, ఏమీ కాకూడదని రోజూ అనుకుంటున్నాను కూడా. ఆ పదకొండో అంతస్తులో ఎవరో చేరారు. బాల్కనీలో పిల్లల సైకిలు ఉందని బామ్మర్ది ఒకసారి మాటల్లో అన్నాడు, వెంటనే మాట మార్చాడు. ఎక్కించిన మందు ఎంతవరకు ఎక్కిందో నేను అడిగితే ఫోను సరిగ్గా వినిపించడం లేదన్నాడు. వాడిప్పుడు నాలుగు మేడలకు పెద్ద. మొన్న వాడి ఫొటో ఒకటి చూశాను, వాడికీ కోటు వచ్చింది. అత్త ములకలపల్లికి తిరిగి వచ్చిన కొత్తలో, నేను ఎప్పుడు వెళ్ళినా "ఆ స్లాబు పగలగొట్టిన్రా అల్లుడా?" అని అడిగేది. ఒకసారి, రెండుసార్లు నసిగాను. మూడోసారి "పగలగొట్టి మళ్ళీ పోశారత్తా" అన్నాను. "మడులు కట్టిన్రా?" అంది. "అవ్, కట్టిన్రు" అన్నాను. ఆ రోజు ఆమె నాకు నాటుకోడి కోసి పెట్టింది. ఆ కూర తిన్నాను, రుచిగానే ఉంది. నా మీద నాకు కలిగిన అసహ్యం నా ఆకలిని ఏమీ చేయలేదు. ఈ నున్నటి కాగితాలు అచ్చు వేసేవాళ్ళను చూసి నేను ఎంత ముఖం చిట్లించుకున్నా, వాళ్ళు అమ్మే మేడల్లో ఒకదానికి నా వంతు గుల్ల కూడా ఉంది.

పోయిన నెల అత్తను చూడటానికి వెళ్ళాను. ఇప్పుడు ఆమెకు డెబ్బై ఎనిమిది. ఇంటి ముందు నులకమంచం మీద పలక పట్టుకుని కూర్చుని ఉంది. మహిళా సంఘంలో వేలిముద్ర వేసేవాళ్ళను తక్కువగా చూస్తున్నారట. ఆ మాట ఆమెకు తగిలింది, అంగన్‌వాడీ టీచరు దగ్గర అక్షరాలు మొదలుపెట్టింది. గుణింతాలు అయిపోయాయి. బస్సు బోర్డులు కూడబలుక్కుని చదువుతోంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, అది తనకు లొంగిందని నమ్మకం కలిగాకే వేలు పక్కకు జరుపుతోంది. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు అత్తా ఈ కష్టం అని నవ్వబోయాను. "ఒత్తులు ఒక్కటే మిగిలినయి. గవి రానియ్యి. పెట్టెల ఉన్న కాయిదాలన్ని నేనే సదువుకుంట. ఎన్నొద్దులని ఒకళ్ళను అడుగుడు?" అంది, తల ఎత్తకుండానే. తొందరపడే మనుషులను తిట్టుకుంటూ నా బతుకంతా గడిపాను. ఇప్పుడు మా అత్త ఆ ఒత్తుల దగ్గరే ఇంకొన్నాళ్ళు ఆగిపోతే బాగుండునని పొద్దున లేస్తూనే కోరుకుంటున్నాను, కాలం మాత్రం రోజుకో అక్షరం చొప్పున ఆమెను ఆ కాగితం దగ్గరికి తీసుకుపోతూనే ఉంది.